బొమ్మల మిఠాయి డబ్బాలు: సేకరణకు ఎంతవరకు తగినవి?

పాత కాలపు టాఫీ, చాక్లెట్, పిప్పరమెంటు డబ్బాలు సేకరణ వస్తువులుగా ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం. ముందుగా తీర్పు చెప్పేస్తాను. తక్కువ చోటు తీసుకుని ఇంత చరిత్ర చూపించే వస్తువులు అరుదు. కాని వీటిని కొనేవారిలో చాలామంది వయసు చూసి, కంపెనీ పేరు చూసి, అమ్మకందారు రాసిన ‘అరుదైనది’ అన్న మాట చూసి కొంటారు, అన్నిటికన్నా ముందు చూడవలసిన అచ్చును మాత్రం ఆఖరున చూస్తారు. డబ్బా విలువంతా రేకు మీద పలుచగా పరుచుకున్న రంగుల పొరలోనే ఉంటుంది. మూత వంగితే సరిచేయవచ్చు, బందు సడలితే బిగించవచ్చు, లోపలి తుప్పును ముదరకుండా ఆపవచ్చు. పైనున్న బొమ్మ చెరిగితే దాన్ని తిరిగి తెచ్చే ఉపాయం లేదు. అందుకే పేరున్న డబ్బా పాడైన స్థితిలోను, మామూలు డబ్బా చక్కని స్థితిలోను పక్కపక్కనే కనిపిస్తే రెండోదాన్నే తీసుకోమని నా సలహా.

ఇక్కడ 1870ల నుంచి 1950ల వరకు వచ్చిన డబ్బాలనే ప్రధానంగా తీసుకున్నాను. వాటి గురించి మాట్లాడేటప్పుడు బిస్కెట్ డబ్బాలను పూర్తిగా పక్కన పెట్టడం కుదరదు, ఎందుకంటే దారి వేసినవి అవే. ఇంగ్లండులోని రెడింగ్ పట్టణానికి చెందిన హంట్లీ అండ్ పామర్స్ కంపెనీ 1868లో ఓవెన్ జోన్స్ రూపకల్పనతో చేయించిన బిస్కెట్ డబ్బాను అలంకరణ డబ్బాల చరిత్రలో తొలి మైలురాయిగా చెబుతారు. అంతకుముందు ఎక్కువగా కనిపించినవి కాగితపు చీటీ అంటించిన సాదా రేకు డబ్బాలు. ఆ చీటీ తడికి ఊడిపోయేది, రాపిడికి చిరిగిపోయేది. మిఠాయి తయారుచేసేవారికి డబ్బాతో రెండు పనులున్నాయి. చక్కెర సరుకు గాలిలోని తేమను పీల్చుకుని జిగురు కట్టకుండా మూత బిగువుగా ఉండాలి. సరుకు అయిపోయాక కూడా తమ పేరు ఆ ఇంట్లో కనిపిస్తూ ఉండాలి. అచ్చు డబ్బా ఈ రెండో పనిని ఎంత సమర్థంగా చేసిందంటే, కంపెనీలు మూతపడి, చేతులు మారి, పేర్లు మార్చుకున్నాక కూడా గుండీలు, సూదులు, ఉత్తరాలు దాచుకున్న డబ్బాల మీద ఆ పాత పేర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

డబ్బా తయారైన తీరు తెలిసి ఉంటే సగం పరీక్ష అక్కడే పూర్తవుతుంది. పలుచటి ఉక్కు రేకుకు, తొలి రోజుల్లోనైతే ఇనుప రేకుకు, రెండు వైపులా తగరం పూత పూస్తారు. రేకు ఇంకా చదునుగా ఉండగానే దాని మీద బొమ్మను అచ్చు వేస్తారు. ఒక్కో రంగు ఒక్కోసారి పడుతుంది; మధ్యమధ్య ఓవెన్‌లో వేడికి ఆరబెడతారు; అన్ని రంగులూ పడ్డాక వార్నిష్ పూసి, ఆ తర్వాతే రేకును కత్తిరించి, ఉబ్బెత్తు నగిషీ నొక్కి, అంచులు మడిచి డబ్బాగా కూర్చుతారు. ఇందులో చిక్కు అచ్చు దగ్గరే వచ్చింది. రాతి పలక మీద గీసిన బొమ్మ మెత్తని కాగితం మీద బాగానే దిగుతుంది గాని, గట్టి రేకు మీద సమంగా దిగదు. ఆ చిక్కును విప్పినది 1875లో ఇంగ్లండులో రాబర్ట్ బార్‌క్లే పేరిట పేటెంట్ పొందిన పద్ధతి: రాతి మీది బొమ్మను ముందుగా ఒక సిలిండర్‌కు చుట్టిన అట్ట పొర మీదికి ఎక్కించి, అక్కడి నుంచి రేకు మీదికి దింపడం. అట్ట స్థానంలో తర్వాత రబ్బరు వచ్చింది. నేడు పుస్తకాలు, పత్రికలు అచ్చయ్యే ఆఫ్‌సెట్ పద్ధతికి మూలం ఇదే. కాగితం మీద అది వాడుకలోకి వచ్చింది 1900ల తొలి ఏళ్లలో, అమెరికాలో ఐరా రూబెల్ చేసిన యంత్రంతో. గ్రంథాలయాల్లోని పుస్తకాల కంటే తినుబండారాల డబ్బాలు పాతికేళ్లకు పైగా ముందున్నాయన్న సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

పది రెట్లు పెంచి చూపే భూతద్దం ఈ అభిరుచికి తప్పనిసరి పనిముట్టు. నా దగ్గరున్న ఒక టాఫీ డబ్బా మూత మీద గులాబీల బుట్ట పట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉంది. మామూలు కంటికి ఆమె బుగ్గ మీది ఎరుపు నీటిరంగులా కలిసిపోయి కనిపిస్తుంది. భూతద్దం కింద పెడితే అదంతా చుక్కలే. అయితే ఆ చుక్కలకు వరుస లేదు, ఒకే పరిమాణం లేదు, చెంప వంపు తిరిగే చోట దట్టంగాను, ముక్కు దగ్గర పలుచగాను చేత్తో పెట్టినవని ఇట్టే తెలిసిపోతుంది. లేత గులాబీ, ముదురు గులాబీ, మీగడ రంగు వేటికవే విడిగా అచ్చు పడ్డాయి. బుట్ట అంచు దగ్గర ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరగడంతో కింద ఉన్న పసుపు సన్నని గీతలా తొంగిచూస్తోంది. చట్రంలోని బంగారు రంగు అసలు సిరానే కాదు. అక్కడ రంగు వేయకుండా తగరాన్ని అలాగే వదిలేసి, దాని మీద పారదర్శకమైన పసుపు లక్కపూత పూశారు, అందుకే వెలుగు కోణం మారినప్పుడల్లా ఆ చట్రం నిజమైన లోహంలా మెరుస్తుంది. ఇలాంటి బొమ్మతోనే తర్వాతి కాలంలో వచ్చిన మరో డబ్బాను అదే భూతద్దం కింద పెడితే నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు కొలిచి పెట్టినట్టు వరుసల్లో నిలబడి, చిన్న చిన్న పూల ఆకారాలు కట్టి కనిపిస్తాయి. ఆ వరుసలు కనిపించాయంటే అది నాలుగు రంగుల యంత్రపు అచ్చు. దీన్ని గుడ్డి సూత్రంగా మాత్రం పట్టుకోకూడదు, ఎందుకంటే రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలోనే కొన్ని డబ్బాలకు ఫొటో నుంచి తీసిన చుక్కల అచ్చు వాడడం మొదలైంది. కాని 1890ల నాటిదని చెప్పి అమ్ముతున్న డబ్బాలో ఈ వరుసలు కనిపిస్తే ఇక బేరం సాగించనక్కరలేదు.

నకళ్ల విషయంలో చాలామంది ఒక సంగతి గమనించరు. పాత ప్రకటనల మీద మోజు పెరిగిన 1970లు, 1980లలో పాత బొమ్మలతో కొత్త డబ్బాలు విరివిగా వచ్చాయి. వాటిని ఆనాడు మోసం కోసం చేయలేదు. వంటింటి అలంకరణకు బాహాటంగానే అమ్మారు. కాని ఆ డబ్బాలకు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లు నిండాయి. అటకల మీద పడి ఉండి వాటికీ తుప్పు పట్టింది, వాటి అంచులూ అరిగాయి, వాటి వార్నిష్ కూడా పచ్చబడింది. ఈ వయసు ఛాయలే చూసి అవి తొలి కాలపువని నమ్మేవారు, నమ్మించేవారు కూడా ఉన్నారు. తుప్పు పట్టిందంటే పాతదనే లెక్క ఈ అభిరుచిలో చెల్లదు.

కొన్ని పాత కంపెనీలు ఒకే బొమ్మను దశాబ్దాల పాటు మార్చకుండా వాడడం ఇంకో ఇబ్బంది. 1840లో మొదలైన హారొగేట్ ఫారాస్ టాఫీ నీలం వెండి రంగుల డబ్బాలో నేటికీ వస్తోంది. 1857లో ఇటలీలోని ఆల్బాలో లుయీజీ లియోనె మొదలుపెట్టిన చక్కెర బిళ్ళలు పాతకాలపు అలంకరణతోనే అమ్ముడవుతున్నాయి. ఇలాంటి చోట బొమ్మ కాలాన్ని చెప్పదు. పక్కనున్న చిన్న అక్షరాలు చెబుతాయి. బార్‌కోడ్ ఉంటే డబ్బా 1970ల మధ్యకాలానికి ముందుది కావడానికి వీలు లేదు, ఎందుకంటే దుకాణంలో తొలి బార్‌కోడ్‌ను చదివింది 1974 జూన్ 26న. అమెరికా చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే అది 1963 లేదా ఆ తర్వాతిది. ‘వెస్ట్రన్ జర్మనీ’ అని ఉంటే 1949కి, 1990కి మధ్యది. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది గనుక, యూరప్ నుంచి అక్కడికి వెళ్లిన డబ్బా మీద దేశం పేరు కనిపిస్తే ఆ చట్టం తర్వాతిదై ఉండే అవకాశం ఎక్కువ. బ్రిటిష్ డబ్బాల మీద రాజాస్థానానికి సరఫరాదారులమని చెప్పుకునే వాక్యం ఉంటుంది. అందులో ఉన్నది రాజు పేరా, రాణి పేరా అన్నది చూస్తే ఏ పాలనాకాలానికి చెందిందో అంచనా వేయవచ్చు. బరువు ఔన్సుల్లో ఉందా, గ్రాముల్లో ఉందా అన్నది కూడా పనికివచ్చే గుర్తే. కొనే ముందు డబ్బా అడుగుభాగం ఫొటో అడగమని చెప్పేది ఇందుకే. అమ్మకందారు దాచాలనుకునే సమాచారం సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఇక పేరున్న డబ్బాల విషయానికి వస్తే, అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది విక్టోరియా రాణి 1900లో దక్షిణాఫ్రికా యుద్ధరంగంలోని సైనికులకు పంపిన చాక్లెట్ డబ్బా. ఎరుపు, నీలం, బంగారు రంగుల్లో రాణి ముఖచిత్రం, నూతన సంవత్సర శుభాకాంక్షలు, ‘దక్షిణాఫ్రికా 1900’ అన్న మాట ఆ మూత మీద ఉంటాయి. క్యాడ్బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ అనే మూడు కంపెనీలు అందులోని చాక్లెట్ తయారుచేశాయి. మూడూ యుద్ధాన్ని వ్యతిరేకించే క్వేకర్ మతస్థులవి కావడంతో యుద్ధం మీద లాభం తీసుకోవడానికి గాని, డబ్బా మీద తమ పేరు వేయడానికి గాని ఇష్టపడలేదు. అందుకే వ్యాపార ప్రకటన లేని కొద్దిపాటి మిఠాయి డబ్బాల్లో ఇదొకటి. సైనికులు వీటిని జ్ఞాపకచిహ్నాలుగా భద్రపరచుకున్నారు. లోపలి చాక్లెట్ సైతం తినకుండా దాచినవారున్నారు. అలాంటి చాక్లెట్ ఒకటి డబ్బాతో సహా 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌బరో హాల్ అనే పాత భవనంలో, శిరస్త్రాణం పెట్టే పెట్టెలో బయటపడింది. సేకరణ వస్తువుగా దీనికి నేను పూర్తి మార్కులు వేయలేను. లక్షకు పైగా తయారైన డబ్బా ఇది. జాగ్రత్తగా దాచుకున్నవారు అనేకులు గనుక మార్కెట్‌లో కొరత లేదు. రాణి ముఖం చుట్టూ ఉన్న ఎరుపు తేలికగా గీతలు పడుతుంది. గీతలు లేనిది దొరికేదాకా ఆగగలిగితేనే దీని జోలికి వెళ్లాలి.

దీని వెనుకే వినిపించే మరో డబ్బా 1914 క్రిస్మస్‌కు బ్రిటన్ రాకుమారి మేరీ పేరిట నిధి సేకరించి సైనికులకు, నావికులకు పంపినది. దీన్ని పొగాకు డబ్బాగానే చాలామంది ఎరుగుదురు గాని, మిఠాయి డబ్బాల సేకరణలో దీనికి హక్కుగా చోటుంది, ఎందుకంటే భారతీయ సైనికుల కోసం సిద్ధం చేసిన కానుకల్లో పటికబెల్లం, సుగంధ ద్రవ్యాల చిన్న డబ్బా ఉండేవి. సిక్కు సైనికులకు సిగరెట్లు లేకుండా పంపారు. ఇది రంగుల అచ్చు డబ్బా కాదు, ఇత్తడి రేకు మీద ఉబ్బెత్తుగా నొక్కిన నగిషీ. మధ్యలో రాకుమారి ముఖం, చుట్టూ మిత్రదేశాల పేర్లు ఉంటాయి. యుద్ధకాలంలో ఇత్తడికి కొరత ఏర్పడి, 1915 మేలో మునిగిపోయిన లూసిటేనియా ఓడతో పాటు ఈ డబ్బాల కోసం వస్తున్న ఇత్తడి రేకు కూడా సముద్రం పాలవడంతో, తర్వాతి విడతల్లో నాసిరకం లోహం వాడవలసి వచ్చింది. ఈ డబ్బా విషయంలో అసలు శత్రువు తళతళలాడించాలన్న కోరిక. దశాబ్దాల పాటు ఇత్తడి పాలిష్‌తో రుద్దిన డబ్బాల మీద రాకుమారి ముక్కు, జుట్టు, అక్షరాల అంచులు నున్నగా అరిగిపోయి ఉంటాయి. గోధుమ రంగు తిరిగినా అంచులు పదునుగా ఉన్నదాన్నే నేను ఎంచుకుంటాను.

పట్టాభిషేకాల డబ్బాల గురించి ఒక అపోహ బలంగా ప్రచారంలో ఉంది. బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ పట్టాభిషేకం 1937 మే 12న జరగవలసి ఉండగా, ఆయన 1936 డిసెంబరులో సింహాసనం వదులుకున్నాడు. జరగని వేడుక డబ్బా కాబట్టి చాలా అరుదైనదై ఉంటుందని అమ్మకందారులు చెబుతారు. నిజానికి తయారీదారులు నెలల ముందే సరుకు సిద్ధం చేసుకున్నారు. జనం ఆసక్తిగా కొని దాచుకున్నారు కూడా. అందుకే అవి నేటికీ ధారాళంగా దొరుకుతున్నాయి. అదే తేదీకి ఆరో జార్జికి పట్టాభిషేకం జరగడంతో, ఒకే తేదీ ఉన్న రెండు వేర్వేరు రాజుల డబ్బాలను పక్కపక్కన పెట్టుకోవడంలో ఒక సరదా ఉంది. ఆ సరదా కోసమైతే కొనవచ్చు, అరుదైనదన్న మాట నమ్మి కొనకూడదు. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకపు డబ్బాల్లో నాకు నచ్చేది బొమ్మ కంటే సందర్భం. బ్రిటన్‌లో మిఠాయిల మీద రేషన్ 1953 ఫిబ్రవరి 5న ఎత్తేశారు, పట్టాభిషేకం జూన్ 2న జరిగింది. యుద్ధం మొదలయ్యాక పుట్టిన పిల్లలకు టాఫీల కోసం కూపన్ల బెడద పూర్తిగా తీరింది ఆ ఏడాదే.

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌కు చెందిన మ్యాకింటాష్ డబ్బాలు కొత్తగా మొదలుపెట్టేవారికి తగిన ఎంపిక. 1890లో జాన్ మ్యాకింటాష్ తెరిచిన చిన్న దుకాణం టాఫీతో పెరిగి పెద్ద కంపెనీ అయింది. 1936లో అదే కంపెనీ క్వాలిటీ స్ట్రీట్ అనే టాఫీ, చాక్లెట్ల కలగలుపు డబ్బాను తెచ్చింది. సైనికుడు, గౌను తొడుక్కున్న యువతి ఉన్న ఆ డబ్బా దశాబ్దాల పాటు కొద్దికొద్ది మార్పులతో వచ్చినందువల్ల, ఒకే బొమ్మ కాలంతో పాటు ఎలా మారిందో వరుసగా పేర్చుకుని చూడవచ్చు. దొరకడం తేలిక, నకళ్ల బెడద తక్కువ. పెద్ద డబ్బాలు చోటు తినేస్తాయన్నది ఒక్కటే లోపం. చోటు సమస్య ఉన్నవారికి జేబు డబ్బాలు అనుకూలం. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో లెయోఁ లజోనీ అనే ఔషధ తయారీదారు 1880లో తెచ్చిన కషూ లజోనీ గుండ్రటి పసుపు డబ్బా కోటు జేబులో ఇమిడేంత పలుచనిది. చిన్న కన్నంలోంచి నల్లని బిళ్ళ ఒక్కొక్కటిగా రాలుతుంది. పరికరంగా చూసినా, అచ్చుగా చూసినా దానికి వంక పెట్టలేను.

వీటన్నిటికీ వర్తించే లోపాల్లో మొదటిది తుప్పు. జింకు పూత ఉన్న రేకు మీద గీత పడితే జింకు తాను ముందు కరిగి ఉక్కును కాపాడుతుంది. తగరం అలా కాదు. పూత చెక్కుచెదరకుండా ఉన్నంత వరకే అది ఉక్కుకు కవచం. ఒక్కచోట గీత పడి ఉక్కు బయటపడితే చుట్టూ ఉన్న తగరం వల్ల ఆ చోట తుప్పు మరింత వేగంగా పడుతుంది. ఆ తుప్పు రంగు కిందనుంచి పాకుతుంది గనుక ముందుగా సన్నని పొక్కు కనిపిస్తుంది, తర్వాతే పెచ్చు ఊడుతుంది. అందువల్ల డబ్బాను వెలుగుకు అడ్డంగా పట్టుకుని ఉపరితలం మీద పొక్కులున్నాయేమో చూడాలి. ఊడిన పెచ్చు జరిగిపోయిన నష్టం, పొక్కు జరగబోయే నష్టం. మూత అంచు లోపలి వైపు, అడుగు మడత, బందు కన్నాలు తుప్పుకు ఇష్టమైన చోట్లు. బందు ఉన్న మూతను పూర్తిగా వెనక్కి వంచి చూడకూడదు. పాత తీగ బందు విరిగేది చాలావరకు ఇలా పరీక్షించేటప్పుడే. సొట్టల విషయంలో నాది ఉదార స్వభావం. రంగు పగలని సొట్టను అలాగే ఉంచడమే మేలు, లోపలి నుంచి తట్టి సరిచేయబోతే అప్పటిదాకా నిలిచిన రంగు పగులుతుంది.

ఆన్‌లైన్ అమ్మకందారుల సేవ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ డబ్బాలు ఇప్పుడు ఎక్కువగా చేతులు మారేది అక్కడే. ఫొటోల్లో మూతను పైనుంచి ఒక్క కోణంలో చూపించి, బందు వైపు, అడుగు, లోపలి భాగం వదిలేసే ప్రకటనలే ఎక్కువ. ‘కాలానికి తగిన స్థితి’ అన్న మాట కనిపిస్తే దానికి ఏ అర్థమైనా ఉండవచ్చని తీసుకోవాలి. ఒక అమ్మకందారు ‘అసలు మెరుపు’ అని రాసి పంపిన డబ్బా మీద ఈమధ్యే పూసిన చెక్క వార్నిష్ ఉంది. తుప్పు చుక్కల మీదుగానే పూసేయడంతో అవి గాజు కింద ఉన్నట్టు శాశ్వతంగా ఉండిపోయాయి. అది చాలదన్నట్టు మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి పంపారు. ఆ రబ్బరు దారిలోనే వేడికి మెత్తబడి వార్నిష్‌కు అతుక్కుని, తీసేటప్పుడు కింది రంగును కూడా పట్టుకు వచ్చింది. ఫిర్యాదు చేస్తే డబ్బు తిరిగి ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. డబ్బా మాత్రం ఎవరికీ పనికిరాకుండా పోయింది. ఇందుకు భిన్నంగా, లోపం ఉన్న ప్రతి చోటునూ దగ్గరగా ఫొటో తీసి చూపించే అమ్మకందారులు కొద్దిమంది ఉన్నారు. వారి దగ్గర బేరమాడకుండా కొన్నా నష్టం లేదన్నది నా అనుభవం.

శుభ్రం చేయడం గురించి ఇంటర్నెట్‌లో వినిపించే చిట్కాల్లో సగానికి పైగా హానికరమైనవి. నిమ్మరసం, వెనిగర్, వంటసోడా, స్టీల్ పీచు అచ్చు ఉన్న వైపు తగలకూడదు. స్పిరిట్, థిన్నర్ వంటివి పాత లక్కపూతను కరిగిస్తాయి. ఆ పూతతోనే బంగారు రంగు కూడా పోతుంది. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి, తప్పదనుకుంటే బాగా పిండిన మెత్తని గుడ్డతో కనిపించని మూల ఒకచోట తుడిచి, గుడ్డకు రంగు అంటుతోందేమో చూసుకుని, అంటకపోతేనే ముందుకు వెళ్లాలి. నీళ్లలో ముంచడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే మడతల్లోకి చేరిన నీరు బయటికి రాదు. ఆరిన తర్వాత మైక్రోక్రిస్టలైన్ మైనం చాలా పలుచగా రాస్తే సరిపోతుంది. 1950లలో బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాల నుంచి వచ్చిన ఈ రకం మైనాన్ని మ్యూజియాలు నేటికీ వాడుతున్నాయి. తుప్పు చుక్కల మీద కొత్త రంగు వేయడాన్ని నేను సమర్థించను. రంగు వేసిన డబ్బా దూరం నుంచి అందంగా కనిపించినా, చరిత్ర తెలిసినవారి దృష్టిలో దాని విలువ తగ్గుతుంది.

భద్రపరచడానికి ఖరీదైన ఏర్పాట్లు అక్కరలేదు. ఎండ నేరుగా పడని చోటు, తేమ తక్కువగా ఉండే బీరువా, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు కొన్ని చాలు. ఎండ తగిలితే ముందుగా వెలిసిపోయేది ఎరుపు, తర్వాత పసుపు. నీలం ఒక్కటే మిగిలి బొమ్మ జబ్బుపడినట్టు కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల అడుగు అంచు కింది మూత మీద గుండ్రటి గీత పెడుతుంది గనుక మధ్యలో ఆమ్లం లేని పలుచటి కాగితం పరచాలి. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. లోహం బయటపడిన చోట ముట్టుకుంటే వేలిముద్రే తుప్పుగా మారుతుంది.

పాత డబ్బాలో మళ్లీ మిఠాయి పోసి పిల్లల ముందు పెట్టాలన్న ఆలోచనను మాత్రం గట్టిగా వారిస్తాను. ఆనాటి అతుకుల టంకంలో సీసం ఉండేది, కొన్ని పసుపు, నారింజ రంగుల్లోనూ సీసం సమ్మేళనాలు వాడేవారు. రంగు పెచ్చులూడుతున్న డబ్బాను చిన్నపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడం కూడా మంచిది కాదు.

ఈ అభిరుచి ఎవరికి నప్పుతుందంటే, ఓపికగా చిన్న అక్షరాలు చదివేవారికి, అచ్చు కళ మీద ఆసక్తి ఉన్నవారికి బాగా నప్పుతుంది. పెట్టుబడిగా భావించి వచ్చేవారికి నేను సిఫారసు చేయను. లక్షల్లో తయారైన వస్తువులివి, వాటిలో నిజంగా అరుదైనవి కొనుగోలుదారుల కంట పడకముందే పాత సేకర్తల మధ్య చేతులు మారతాయి. రాబర్ట్ ఓపీ అనే బ్రిటిష్ సేకర్త 1963లో పదహారేళ్ల వయసులో కొనుక్కున్న మన్చీస్ చాక్లెట్ పొట్లాన్ని పారేయకుండా దాచడంతో మొదలుపెట్టి, 1984లో గ్లాస్టర్‌లో ప్యాకేజింగ్ మ్యూజియమే తెరిచాడు. ఆ సేకరణే ఇప్పుడు లండన్‌లోని మ్యూజియం ఆఫ్ బ్రాండ్స్. ఆయన దాచినవాటిలో ఎక్కువ భాగం ఆనాడు ఎవరూ విలువ కట్టనివే. కొత్తవారు కూడా ఒక కంపెనీనో, ఒక దశాబ్దాన్నో, ఒక ఆకారాన్నో ఎంచుకుని దానికే పరిమితమైతే ఎంపికలో తేడాలు త్వరగా కంటికి ఆనతాయి. కనిపించినవన్నీ కొంటూ పోతే బీరువా నిండుతుంది గాని చూపు పదునెక్కదు.

ఆర్డరు ఖాయం చేసేటప్పుడు అమ్మకందారుకు నేను రాసి పంపే సూచనలు ఇవి. వాటిని అలాగే వాడుకోవచ్చు. విడిగా వచ్చే మూతైతే మూతను, డబ్బాను వేర్వేరుగా చుట్టాలి. బందు మూతైతే మూసి, లోపల మెత్తని కాగితం నింపాలి. అచ్చుకు తగిలేలా వార్తాపత్రిక, సెలోటేపు, రబ్బరు బ్యాండు ఏవీ వాడకూడదు. బుడగల ప్లాస్టిక్ చుట్టేటప్పుడు బుడగలు బయటికి ఉండాలి, లేకపోతే వేడికి వాటి గుండ్రటి ముద్రలు మైనం పూత మీద పడతాయి. బయటి అట్టపెట్టె డబ్బా కంటే అన్ని వైపులా రెండు అంగుళాలు పెద్దదై ఉండాలి. ఈ ఐదు వాక్యాలకు విసుక్కుంటూ జవాబిచ్చిన అమ్మకందారు దగ్గర డబ్బా ఎంత బాగున్నా నేను కొనను.